నీళ్లు కలిసిన మెరుగు

పచ్చి వెదురు కోసిన వాసన.

కొంచెం తీపి. కొంచెం తడి. దానికి రంపం రాపిడి వేడి తోడైంది...

ఆ వాసన వెనక గదిలోంచి వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టి నిలబడ్డ ఆమె ముక్కు ఎగబీల్చింది. వెదురు. ఉత్త వెదురే.

మనసు కుదుటపడింది.

మళ్లీ ఎగబీల్చింది.

పెళ్లయిన కొత్తలో ఈ అలవాటు లేదు. తర్వాత తర్వాత వచ్చింది. అతను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే ఆమె ముక్కు ఎదురెళ్లి అతన్ని చూసి వచ్చేది. తాగాడా, లేదా. తాగి లవంగం నమిలాడా, నమిలి నీళ్లు పుక్కిలించాడా. అతను ఎంత తాగినా నడక తూలేది కాదు, మాట తడబడేది కాదు. కళ్లు మోసపోయేవి, చెవులు మోసపోయేవి. ముక్కు మాత్రం ఒక్కనాడూ ఆమెకి అబద్ధం చెప్పలేదు.

అతను మానేశాడు. మానేశాక ఇది రెండో ఎండాకాలం.

ముక్కు ఇంకా కాపలా మానలేదు.

అతను తాగి తాగి ఆసుపత్రిలో పడ్డప్పుడు డాక్టరు ఆమెను పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు. ఇంకొక్కసారి తాగితే మళ్లీ నా దగ్గరికి తీసుకురావాల్సిన పని ఉండదమ్మా, అన్నాడు. ఎందుకు ఉండదో ఆమె అడగలేదు. ఆ మాట కొంగున కట్టుకుని ఇంటికి వచ్చింది, అంతే.

అతను చెక్కపనివాడు. బల్లలూ బీరువాలూ చేస్తాడు, మెరుగు పెడతాడు. మెరుగు పెట్టడంలో అతని చెయ్యి పెట్టింది పేరు. ఇప్పుడు సొంత ఇంట్లో, పాత సామాను పడేసే వెనక గదిలో, టికీ బార్ కడుతున్నాడు.

టికీ అంటే ఏమిటో ఆమె అడగలేదు. బార్ అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

అతను ఫోన్‌లో బొమ్మ చూపించాడు. ఎక్కడో సముద్రం నడుమ దీవులు. ఆ దీవుల తీరులో కట్టిన చిన్న పాక. వెదురు కాళ్ల మీద పొడవాటి బల్ల, బల్ల మీదికి ఎండుగడ్డి చూరు. స్తంభాలకి చెక్కిన పెద్ద పెద్ద ముఖాలు — నోళ్లు తెరుచుకుని. చూరు కింద రంగురంగుల దీపాలు.

పళ్లరసాలే, అన్నాడు. అనాస, నారింజ, కొబ్బరినీళ్లు, అంతకుమించి చుక్క ఉండదు, అన్నాడు. మానేసిన దగ్గర్నుంచి స్నేహితులు మొహం చాటేశారు. వాళ్లని తప్పు పట్టలేదు అతను. తాగనివాడి ఎదురుగా కూర్చోవడం ఎవరికి మాత్రం సరదా... ఇలాంటిది ఒకటి ఉంటే వస్తారు, నవ్వుతారు, రసం తాగి పోతారు, అన్నాడు.

ఆమె మొహం చూసి, బొమ్మ ఆపేసి, ఇంకో మాట అన్నాడు.

"ఇన్నేళ్లూ ఆ బల్లకి ఇవతలే కూర్చున్నా. ఒక్కసారి అవతల నిలబడి చూడాలనుందే."

ఆమె తలూపింది.

వద్దంటే నమ్మడం లేదని చెప్పినట్టు. సరేనంటే అబద్ధమాడినట్టు. తలకైతే నోటికున్నంత బాధ్యత ఉండదు కదా.

*

బొంగులు వచ్చాయి. తాడు వచ్చింది. ఎండుగడ్డి మోపులు గుమ్మం పట్టక, గోడలకి రాసుకుంటూ వచ్చాయి. ఇల్లంతా గడ్డిపరకలు. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది.

అత్తగారు మంచం మీద కాళ్లు చాపుకుని వేడుక చూసింది. "ఉన్న ఇల్లు చాలక మా వాడు ఇంట్లో గుడిసె వేస్తున్నాడు" అని పక్కింటావిడకి చెప్పి నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది. ఆగడం కోడలు చూసింది. కోడలు చూసిందని అత్త చూసింది. ఇద్దరూ వేరే దిక్కుకి తిరిగారు.

ఆ భయం గురించి వాళ్లెప్పుడూ మాట్లాడుకోలేదు. నిద్రపోయే కుక్కని పేరు పెట్టి పిలవడం ఎందుకు అన్నట్టు ఊరుకున్నారు.

అతను పని చేస్తూ ఈల వేశాడు.

ఆ ఈల విని ఆమె ఊడుస్తున్న చీపురు ఆపేసింది. అతనికి సంతోషం వస్తే తాగేవాడు. దుఃఖం వస్తే తాగేవాడు. ఏదీ రాకపోతే ఏదీ రాలేదని తాగేవాడు. అందుకే అతని సంతోషం చూసి సంతోషించడం ఆమె ఎప్పుడో మరిచిపోయింది.

స్తంభాల ముఖాలు అతనే చెక్కాడు. ఒకటి పళ్లు బయటపెట్టి నవ్వేది. ఒకటి నాలుక చాపింది. మూడోది... దాని కళ్లు సగం మూతపడి ఉన్నాయి, పెదవి ఒక పక్కకి జారింది. అదెవరి ముఖమో ఆమెకి చూడగానే తెలిసింది. గోడకి ఆనుకుని, పిలిస్తే పలకని ఆ ముఖాన్ని ఆమె ఎన్ని సాయంత్రాలు తడిగుడ్డతో తుడిచిందో.

అతనికి తెలిసి చెక్కాడా? చెయ్యి దానంతటదే చెక్కిందా? అడిగే ధైర్యం లేదు ఆమెకి.

గది ఊడ్చేటప్పుడు దాని మీద తువ్వాలు వేసేది. అతను వచ్చి తువ్వాలు తీసి భుజాన వేసుకునేవాడు. 

*

తర్వాత మెరుగు పని మొదలైంది.

బల్ల పైచెక్కని గరుకు కాగితంతో రుద్ది రుద్ది చెంపలా నున్నగా చేశాడు. లక్క పెళ్లలు స్పిరిట్‌లో నానేశాడు. అవి కరిగి తేనెరంగు తేలాయి. ఆ లక్కలో దూది మీద చుట్టిన గుడ్డ ముంచి, గుండ్రంగా, గుండ్రంగా, చెయ్యి ఎత్తకుండా రాశాడు. ఆరనిచ్చి మళ్లీ రాశాడు.

స్పిరిట్ వాసన లేచింది.

వంటింట్లోకి వచ్చింది. దుప్పట్లలోకి వచ్చింది. తాగే నీళ్లలో కూడా ఉందేమో అనిపించింది. వెదురు వాసన ఎటు పోయిందో పోయింది. అతని చొక్కా అదే వాసన, చేతులు అదే, జుట్టు అదే. దగ్గరికి వస్తే అతని ఊపిరి కూడా...

అతని ఊపిరి కూడా అదేనా? లేక గదిదా?

ఆమె పక్కన పడుకుని, గాలి పీల్చి, వడగట్టి, ఇంకోసారి పీల్చింది. తెలియలేదు. పెళ్లాడిన మనిషి జానెడు దూరంలో ఉన్నాడు, తాగాడో లేదో తెలియలేదు.

ముక్కుకి చూపు పోయింది.

ఆమెకి భయం వేసింది. మామూలు భయం కాదు. అతనే ఒకప్పుడు చెప్పిన సంగతి గుర్తొచ్చింది — అతనితో పనిచేసినవాడొకడు, మందు దొరకని రోజున మెరుగు స్పిరిట్ నీళ్లలో కలుపుకుని తాగాడు. ముందు చూపు పోయింది. తర్వాత మనిషి పోయాడు. ఆ కథ చెప్పి అతను ఏడ్చాడు. ఏడ్చి, ఆ ఏడుపు పోవడానికి తాగాడు.

స్పిరిట్ సీసా కిటికీ గట్టు మీద ఉండేది. పొద్దున చూస్తే మెడ దాకా ఉండేది. సాయంత్రానికి దిగేది. ఒక బల్లకి ఇంత పడుతుందా అని, కూర గురించి అడిగినంత మామూలుగా అడిగింది. మూత తీసి పెడితే చాలు, గాలే తాగేస్తుంది, అన్నాడు అతను తల ఎత్తకుండా.

గాలి తాగేస్తుంది.

అప్పట్లో కూడా అంతే. అతని లెక్కలో అతను ఎప్పుడూ తాగలేదు. ఒకసారి స్నేహితుడు తాగాడు. ఒకసారి సీసా పగిలింది. ఒకసారి పిల్లి పడేసింది — ఇంట్లో పిల్లి లేదు.

ఇప్పుడు గాలి తాగుతోంది.

అతను గడ్డికి తాడు సరిపోలేదని బజారుకి వెళ్లిన మధ్యాహ్నం, ఆమె సీసా ముందు నిలబడింది. పారబోస్తే ఎందుకు పారబోశావంటాడు. దాచేస్తే ఎక్కడ దాచావంటాడు. ఆలోచన ఇంకా అక్కడే ఉంది, చెయ్యి మాత్రం చెంబు నీళ్లలో ముంచింది. అప్పట్లోనూ అతని సీసాలో ఇలాగే నీళ్లు కలిపేది. సగం విషం పోతే సగం మనిషైనా మిగులుతాడని.

స్పిరిట్‌కీ నీళ్లకీ రంగు తేడా లేదు. కాసిని పోసి, మూత బిగించి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది. దాన్ని చెక్కకి కూడా రాస్తారన్న సంగతి ఆ క్షణాన ఆమెకి తట్టలేదు. గొంతులో పోసుకునేదిగానే కనబడింది.

ఆ తర్వాత కొన్నాళ్లు సీసా పెద్దగా తగ్గలేదు.

అమ్మయ్య, అనుకుంది. అనవసరంగా పాపం అనుమానించాను, అనుకుంది. ఆ రోజుల్లో అతని ఈల కాస్త విన్నది కూడా.

*

ఆఖరి పూత రోజు.

చూరు కట్టాడు, దీపాలు వేలాడదీశాడు. తల్లినీ భార్యనీ పిలిచాడు, చూడండి అద్దంలా ఎలా వస్తుందో అని. ముందే కరిగించి పెట్టుకున్న లక్కని ఈసారి సీసాలోని స్పిరిట్‌తో పలచన చేసి, గుడ్డ ముంచి, గుండ్రంగా, గుండ్రంగా...

మెరిసింది.

తర్వాత తెల్లబడింది.

ముందు ఒక మూల. అక్కణ్ణుంచి పాకింది. కంట్లో పువ్వు పూసినట్టు, బల్ల పొడుగునా తెల్లటి పొర. అతను ఇంకా గట్టిగా రుద్దాడు. ఇంకా తెల్లబడింది. గుడ్డ పక్కన పెట్టాడు. సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు.

దాన్ని పట్టుకుని పెరటి మెట్టు మీదికి వెళ్లాడు. పళ్లెంలో కాస్త పోసి అగ్గిపుల్ల గీశాడు. నీలిమంట లేచింది, ఊగింది, ఆరిపోయింది. మంచి స్పిరిట్ అయితే పళ్లెం పొడిగా మిగలాలి.

పళ్లెంలో నీళ్లు మిగిలాయి. చాలా మిగిలాయి.

"ఎవరు పోశారు?"

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండు అనిపించింది ఆమెకి.

"నేను."

వెనక నుంచి ఇంకో గొంతు వచ్చింది.

"నేనూ పోశాన్రా."

కోడలు తిరిగి చూసింది. అత్తగారు గోడ పట్టుకుని నిలబడి ఉంది, తప్పు చేసిన పిల్లలా. సీసా తగ్గని ఆ రోజులు కోడలి కళ్ల ముందు తిరిగాయి. ఆ ఊరట అంతా అత్తగారు పోసిన నీళ్లేనన్నమాట. అయితే అంతకుముందు తగ్గింది ఎటు పోయినట్టు? గాలికా? మనిషికా? ఇప్పుడు అదీ తెలియదు.

"అప్పుడు కూడానా?" అన్నాడు అతను. "ఇద్దరూ?"

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపే జవాబైంది. అతను చిన్నగా నవ్వాడు, నవ్వు కాదది. అప్పట్లో మందు కొట్టువాడే మోసం చేస్తున్నాడనుకున్నాట్ట. ఒకదాంతో ఎక్కట్లేదని రెండోది తెచ్చుకునేవాట్ట.



అతను సీసా కాలవలో వంపేశాడు. ఈ పూతంతా గీకి మళ్లీ పెట్టాలి, కొత్త స్పిరిట్ తెస్తాను, అన్నాడు. చొక్కా వేసుకున్నాడు. వెళ్లాడు.

రంగుల కొట్టు వీధి చివర. దానికి ముందు మలుపులో, ఎర్ర బోర్డు కింద, ఆ మందు కొట్టు. దాన్ని దాటకుండా దీనికి పోలేరు.

*

ఇద్దరూ వెదురు బల్ల ముందు కూర్చున్నారు. ఎత్తుపీటలు బాగానే చేశాడు, కదల్లేదు. మొదటిసారి కూర్చోవడం. ఇవతల పక్క.

పొద్దు వాలింది. దీపాలు వెయ్యాలని ఎవరికీ తోచలేదు. స్తంభాల మీది నోళ్లు మసక చీకట్లో ఇంకా పెద్దవయ్యాయి. ఆమె కొంగుతో బల్ల తుడిచింది. తెల్లదనం పోలేదు. ఇంకోసారి తుడిచింది.

రంగుల కొట్టుకి వెళ్లి రావడానికి పట్టే సమయం అయిపోయింది. దారిలో ఎవరైనా పలకరిస్తే పట్టే సమయమూ అయిపోయింది. ఆ తర్వాతి సమయం మొదలైంది... దాన్ని ఆమె బాగా ఎరుగును. ఎన్నో ఏళ్లు అందులోనే కాపురం చేసింది.

"మనమే పంపించాం కదే అమ్మాయ్" అంది అత్తగారు.

ఆమె తుడవడం ఆపింది. అత్తగారి చెయ్యి పట్టుకుంది. రెండు చేతులూ చల్లగానే ఉన్నాయి.

గేటు చప్పుడైంది.

చెప్పులు విడిచిన చప్పుడు. అడుగులు తూలలేదు. అతని అడుగులు ఎప్పుడు తూలాయి గనక.

కాగితం చుట్టిన సీసా తెచ్చి గట్టు మీద పెట్టాడు. చుట్టూ తిరిగి బల్లకి అవతలికి వెళ్లాడు. రెండు చేతులూ తెల్లబడ్డ చెక్క మీద ఆనించాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దుమ్ముకి ఎర్రబడతాయి. ఏడిస్తే ఎర్రబడతాయి. ఇంకోదానికీ ఎర్రబడతాయి.

ముందుకి వంగాడు. అతని మొహం ఆమె మొహానికి జానెడు దూరంలో ఆగింది.

"ఇన్నేళ్లూ దొంగచాటుగా చూశావు" అన్నాడు. "ఎదురుగా చూసుకో."

నోరు తెరిచి ఊపిరి వదిలాడు.

వెచ్చగా ఆమె పెదవుల మీద పడింది. బుగ్గల మీద పడింది. ఒక్కసారి పీలిస్తే చాలు. కానీ గది నిండా స్పిరిట్... తాగకపోయినా తాగాడనే చెబుతుంది ముక్కు. తాగలేదని చెప్పినా ఆమె నమ్మదు. తాగాడని తెలిస్తే ఆ డాక్టరు మాట ఉంది. పీల్చిందా, అడిగినట్టే. పీల్చలేదా, నమ్మినట్టే. నమ్మడం అంత భయంగా ఉంటుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

అత్తగారి వేళ్లు బిగుసుకున్నాయి.

అతను కదల్లేదు. ఎదురు చూస్తున్నాడు. చీకట్లో పచ్చి వెదురు ఆరుతూ ఎక్కడో చిటుక్కుమంది.

ఆమె ఇంకా ఊపిరి పీల్చలేదు.