పై పోర్షన్ వాళ్ళ ఎండాకాలం

దూది అని పేరు పెట్టుకున్నవాడికి ఇల్లు కిరాయికిచ్చినప్పుడే తెలియాల్సింది, రూయి అట, ఉర్దూలో రూయి అంటే దూదే కదా, ఏ తల్లయినా కన్నకొడుకును దూదీ అని పిలుచుకుంటుందా, వాళ్ళ పోర్చుగల్లో ఏమని పిలుచుకుంటారో ఎవరికెరుక, అనుకుంది సుశీల గడప మీద కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తూ, పొద్దు వాలుతున్నా లాల్‌దర్వాజా గల్లీలో నేల ఇంకా కాలుతూనే ఉంది, పై పోర్షన్‌కు తాళం వేలాడుతోంది, ఆ దూది, వాడి పెళ్ళాం ఇనేస్, నాలుగేళ్ళ పిల్ల లిడియా, ముగ్గురూ ఊరు తిరగడానికి పోయారు, అది రోజూ ఉన్నదే, కానీ ఇవాళ వాళ్ళ వెంట తన కోడలు అమల కూడా పోయింది, అత్తను ఒక్కమాట అడగకుండా, మొగుడికి ఫోన్ చేసి, చెప్పులేసుకుని పోయింది.

పాత కట్టడాలకు సున్నం పూయించే ఇంజనీరట వాడు, పాతబస్తీలో సున్నం పూసేవాళ్ళకు కరువొచ్చినట్టు సముద్రం దాటి వచ్చాడు, వచ్చిన వారానికే మొదలయ్యాయి వేషాలు, ఎండాకాలమంటే బుద్ధున్నవాళ్ళు తలుపులేసుకుని పడుకుంటారు, వీళ్ళు మిట్టమధ్యాహ్నం టోపీలు పెట్టుకుని బయల్దేరతారు, జేబులో ఉల్లిగడ్డ పెట్టుకో బేటా, వడదెబ్బ తగలదు అని తన పెనిమిటి కొండల్ పైవాళ్ళకు పాలు పోస్తూ ఏదో నోటికొచ్చింది చెబితే ఆ దూది నిజంగానే ఉల్లిగడ్డ జేబులో వేసుకుని తిరిగాడు, గల్లీ అంతా నవ్వింది, నవ్వితే వాడూ వాళ్ళతో కలిసి నవ్వాడు, సిగ్గులేని జాతి, రసం మామిడిపండు పిసికి పీల్చడం రాక చాకుతో తోలు తీసి ప్లేట్లో ముక్కలు పెట్టుకున్నారు, తాటిముంజను వేలితో పొడిస్తే నీళ్ళు ముఖాన చిమ్మి ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది, ముంజలో ఏముంటుంది నీళ్ళుగాక, ఒకరోజు ఏ బస్సొస్తే ఆ బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా పోయి అదే బస్సులో తిరిగొచ్చారు, గట్ల ఎందుకు పోయిండ్రమ్మా, ఎవరన్న సుట్టాలున్నరా అని తను అడిగితే ఇనేస్ నేర్చుకున్న నాలుగు ముక్కల తెలుగులో, చూడనీకి అమ్మా, మస్తుంది అంది, ఏం మస్తు, ఆఖరి స్టాపులో పాన్‌డబ్బా, రెండు కుక్కలు, చార్మినార్ ఎక్కి పైనుంచి మీ ఇల్లు కనిపించింది అని ఫోటో తెచ్చి చూపించారు, అందులో ఇల్లేది, అన్నీ డాబాలూ నీళ్ళ ట్యాంకులే, కానీ ఆ ఫోటోను అమల ఎంతసేపు పట్టుకుని చూసిందో, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు, అప్పుడే అనుకుంది తను, ఈ పిల్లకు పైవాళ్ళ గాలి తగిలింది, ఇంక దీన్ని పట్టలేమని.

తను మాత్రం కొత్త కోడలు కాదా ఒకప్పుడు, పుట్టిల్లు కార్వాన్ నుంచి లాల్‌దర్వాజాకు వచ్చింది, ఆటో ఎక్కితే ఎంత దూరం, అయినా ఊరు తిరిగి చూసింది లేదు, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పక్కింటామెతో గాజులకని పోయింది, లాడ్‌బజార్‌లో దీపాల వెలుగులో ఆ గాజులు ఎట్లా మెరిశాయో, వద్దులే ఇప్పుడెందుకు, ఇంటికొచ్చేసరికి అత్త శారదమ్మ తలుపులో నిలబడి ఉంది, లొల్లి చేయలేదు, ఏంది ఎక్కడికి పోయినవ్ అనలేదు, ఊరికే చూసింది, అంతే, ఇంకెప్పుడూ పోబుద్ధి కాలేదు, కోడలిని దారిలో పెట్టాలంటే అరవాల్సిన పనిలేదు, తను కూడా అమలను ఇన్నాళ్ళలో ఒక్కమాట అనలేదు, అందరికీ గర్వంగా చెప్పుకుంటుంది, పెండ్లయి మూడేండ్లాయె, మా అమల గొంతు గడప దాటి ఇనవడదు అని.

చింతపండు మీద ఒక్కసారిగా దుమ్ము పడింది, ఎప్పుడు నల్లబడిందో ఆకాశం, గాలి గల్లీలోకి దూరి ఎవరిదో రేకు ఎగరగొట్టింది, కరెంటు పోయింది, చెప్పులు టపటపలాడినట్టు నాలుగు చినుకులు, ఆ వెనకే వడగండ్లు, తను పళ్ళెం లోపల పడేసి ఫోన్ తీసింది, అమలది కలవడం లేదు, కొడుకు మురళి మాత్రం దుకాణంలో నుంచి, ఫికర్ చెయ్యకమ్మా, జూ పార్క్ పోయిండ్రు, వాన తగ్గితె వస్తరు అన్నాడు, జూ పార్కట, అన్నీ ముసలి చెట్లే అక్కడ, గాలికి కొమ్మ విరిగి పడితే ఎవడు జవాబు చెబుతాడు, ఆ దూది చెబుతాడా, రానీ, వచ్చే నెల ఖాళీ చేయండని మొఖం మీదే చెబుతా, మీ ఊళ్ళో వానలు ఎట్లుంటయో నాకు తెల్వదు గానీ మా పిల్లను తీస్కపోనీకి మీరెవరు అని అడుగుతా, మహంకాళి తల్లీ ఆ పిల్లను క్షేమంగా చేర్చు, చేర్చినాక దాని సంగతి నేను చూసుకుంటా, గోడ మీద చేయి ఆనించి గల్లీ మొగదాకా మెడ చాపి చూసింది, నీళ్ళు కాలువలా పారుతున్నాయి, మనిషి జాడ లేదు.

వాన పల్చబడ్డాక మొగలోంచి ఒక నవ్వు వినిపించింది, ఆడమనిషి నవ్వు, గొంతు విప్పి, ఊపిరి అందక మధ్యలో తెగి మళ్ళీ మొదలయ్యే నవ్వు, ఇంత వానలో ఎవతె ఇట్లా పగలబడి నవ్వేది, ఇనేస్ నవ్వు కాదు, ఆమెది సన్నం, ఏ ఇంటిదో గానీ అత్త లేనట్టుంది అనుకుంటూ తను ముందుకు వంగింది, ముందు దూది కనిపించాడు, తల మీద ప్లాస్టిక్ కవరు, వెనక ఇనేస్, ఆ వెనక లిడియాను చంకనెత్తుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, ముద్దగా తడిసి, నేను చెప్పిన గదా, ఉరుకుండ్రి అని చెప్పిన గదా, మీరేమో నెమలిని చూస్కుంట నిలవడ్డరు అంటూ, మాట పూర్తి కాకుండానే మళ్ళీ నవ్వుతూ, అమల.

బతికి ఉంది, ఎక్కడా దెబ్బ లేదు, అని లోపల ఏదో వదులైంది, నాలుక మీద ఖాళీ చేయండి అన్న మాట సిద్ధంగానే ఉంది, అప్పుడు అమల తలెత్తి గడపలో తనను చూసింది, నవ్వు ఆగిపోయింది, తగ్గలేదు, ఆగిపోయింది, పళ్ళు కనిపించకుండా పెదవులు కలిశాయి, చెప్పులు కింద పడేసి కాళ్ళకు వేసుకుంది, తడి చున్నీ సర్దుకుంది, అత్తమ్మా జర ఆలస్యమైంది, ఇప్పుడే చాయ్ పెడ్త అంది, రోజూ తనకు తెలిసిన ఆ సన్నటి గొంతుతో, చంకలోని పిల్ల అమల ముఖమూ తన ముఖమూ మార్చి మార్చి చూసి అమల మెడలో తల దాచుకుంది, తను ఒక్కమాట కూడా అనలేదు, అనబోయింది గానీ అనలేదు, ఊరికే చూసింది, అంతే, నిమిషం కిందటి దాకా గల్లీ మొగ నుంచి వినపడ్డ గొంతు, ఈ కోడలిపిల్లకు మొదటి నుంచీ ఉన్న గొంతు, గడప దగ్గరికి రాగానే లేదు, అమల నెమ్మదైన పిల్ల కాదు, ఎప్పుడూ కాదు, తనను చూసినప్పుడు మాత్రమే అట్లా అయిపోతుంది.