దెబ్బ బయల్దేరిన చోటు

“మీ దీపాలకు మూతలు పెట్టుకోండి, చాలు. ఒక్క గోడ మీద కూడా దెబ్బ పడదు. ఇది నా మాట.”

కొండ మీది పరిశోధన కేంద్రానికి అధిపతి అయిన పెద్దసారు వీధి మధ్యలో నిలబడి ఆ మాట అన్నప్పుడు జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది అక్క. అందరూ అలాగే పిలిచే ఆమె ఆ వీధి మనిషే, కేంద్రంలో లేజరు నడిపేది కూడా ఆమే.

రోజూ అదే పని. దుర్భిణిని చంద్రుడి మీదికి తిప్పి మీట నొక్కుతుంది. ఆకుపచ్చ వెలుగు వెళ్ళి, ఎప్పుడో అక్కడ దించిన అద్దాలకు తగులుతుంది. ఎటునుంచి వచ్చిన వెలుగును అటే పంపడం ఆ అద్దాల గుణం. రెండున్నర సెకన్లలో అది తిరిగొస్తుంది. వెళ్ళిన కోటానుకోట్ల వెలుగు రేణువుల్లో ఒకటో రెండో, అంతే. వాటి రాకపోకలను బట్టి చంద్రుడి దూరం మిల్లీమీటర్లలో తేలుతుంది. భూమి తయారైన సరుకు వేరు, చంద్రుడు తయారైన సరుకు వేరు. మరి సూర్యుడి వైపు రెండూ ఒకే తీరున పడుతున్నాయా? ఇన్నేళ్ళుగా జవాబు ఒకటే: పడుతున్నాయి. గురుత్వాకర్షణ ఎవరికీ మినహాయింపు ఇవ్వదు.

“లంచం తినని చట్టం ఇదొక్కటేరా,” అనేది అక్క.

“అయితే దాన్ని పోలీసుల్లో చేర్చుకోరులే,” అనేవాడు ఆమె తమ్ముడు. అతను వెల్డరు.

కేంద్రం మొదలైన ఏడాది నుంచే కింది వీధిలో దెబ్బలు కూడా తిరిగి రావడం మొదలైంది. ఎవరైనా ఒక మనిషిని కొడితే, వెలుగు చంద్రుడిదాకా వెళ్ళొచ్చేంత సేపట్లో ఆ దెబ్బ బయల్దేరిన చోటికే వచ్చి అక్కడున్నవాడికి తగిలేది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. పిల్లాడి వీపు మీద ఒక్కటిచ్చిన తల్లి చప్పున పక్కకు జరిగేది. తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టి, మత్తులో జరగడం మరిచిపోయిన మొగుళ్ళు మర్నాడు వాచిన మొహాలతో పనికెళ్ళేవాళ్ళు.

వీధి దీపాలూ వెల్డింగు మెరుపులూ తిరిగొచ్చే ఆ ఒకటీ అరా రేణువుల్ని ముంచేస్తున్నాయని కేంద్రం గొడవ. అందుకే వీధినే లేపేయాలన్న మాట వచ్చింది. పెద్దసారు మాటకు అక్క పూచీ పడింది. తమ్ముడు రేకులు కోసి ప్రతి దీపానికీ టోపీ చేసిచ్చాడు. తన షాపుకు మందపాటి తెర కట్టుకుని ఆ ఉక్కలో ఉడికిపోతూ పనిచేశాడు.

అయినా ఒక సాయంత్రం, సగం చంద్రుడు ఎండలో తెల్లగా కనబడుతుండగా, బుల్డోజరు వచ్చింది. గోడలకు తగిలిన దెబ్బలు తిరిగి రావు. ఆ హక్కు గోడలకు లేదు. అడ్డుపడిన మనుషుల కోసం గార్డుల్ని తెచ్చారు, అదీ బాగా నేర్పించి.

“కొట్టు, లాగు, తప్పుకో!” అని అరుస్తున్నాడు వాళ్ళ జమాదారు.

గార్డు కొడుతున్నాడు. దెబ్బ తిన్నవాణ్ణి లాగి తన చోట పడేసి తను తప్పుకుంటున్నాడు. ఒకే దెబ్బ రెండుసార్లు, ఒకే ఒంటి మీద. మొదటిదానికి పళ్ళు రాలితే రెండోదానికి దవడ విరిగింది. ఒక ముసలాయన మోచెయ్యి వెనక్కి తిరిగిపోయి వేలాడింది. పురోగతి నడుస్తున్నదంటే అది ఎవరి వీపు మీద నడుస్తున్నదో చూడాలి. లోకంలో అన్నీ ఒకేలా పడతాయని రుజువు చేయడానికి ఆ ఒక్క వీధిని పడగొట్టారు.

అక్క కొండ దిగి పరుగెత్తుకొచ్చేసరికి తమ్ముడి ఒక కన్ను మూసుకుపోయింది.

“చూడక్కా, మీ సారు మాట ఎంత గట్టిదో,” అని రక్తం ఉమ్మాడు.

“నోరు మూసుకో, నాన్నా.” ఆమె జనం వైపు తిరిగింది. “తిరిగి కొట్టకండి! వాళ్ళ కాళ్ళు పట్టుకోండి! కదలనివ్వకండి!”

“ఇప్పుడు కాళ్ళు పట్టుకుంటే ఏం లాభం?” అని గార్డులు పగలబడి నవ్వారు.

జనం బూట్లను కావలించుకున్నారు. లాఠీలు నడుముల మీద పడ్డాయి. గార్డులు తప్పుకోబోయారు, కాళ్ళు రాలేదు. దెబ్బలు తిరిగొచ్చాయి. నవ్వుతున్న నోళ్ళు నవ్వుతుండగానే పగిలాయి. తన దెబ్బకు తనే కూలి ఒకడు అమ్మా అన్నాడు.

తమ్ముడి షాపు మెట్టు మీదికెక్కి పెద్దసారు అరిచాడు: “ఆ వెల్డరు తల పగలగొట్టు, జమాదార్! మిగతావాళ్ళు వాళ్ళే పారిపోతారు!”

జమాదారు ఇనపకడ్డీ ఎత్తాడు. అక్క అతని కాళ్ళ మీద పడి బిగించి పట్టుకుంది. అయినా కడ్డీ దిగింది. తమ్ముడు ఒక పక్కకు ఒరిగి, మరి కదల్లేదు.

అప్పుడు జమాదారుకు కిందికి చూడాలని తోచింది.

“వదులు తల్లీ! ఆడపిల్లలున్నారు నాకు!”

“ఎవరు చంపమన్నారు?”

“సారు!”

అక్క చేతులు వదిలేసింది. జమాదారు పక్కకు దొర్లాడు. ఖాళీ చోటులో రోడ్డు పగులుతుందని అందరూ వెనక్కి జరిగారు.

దెబ్బ రాలేదు.

ముందుగా ముసలాయన మెట్టు వైపు చూశాడు, తర్వాత అందరూ చూశారు. అది బయల్దేరింది కడ్డీలోంచి కాదు, ఆ మెట్టు మీద పలికిన మాటలోంచి. పెద్దసారు కడ్డీ దిగకముందే కారెక్కి వెళ్ళిపోయాడు. మెట్టు మీద ఎవరూ లేరు. దాని పైన గాలి మాత్రం, కొట్టబోయే చెయ్యిలా బిగిసి నిలిచి ఉంది.

వీధి మొత్తం చదునైంది. ఆ మెట్టు జోలికి బుల్డోజరు డ్రైవరు వెళ్ళలేదు. కుక్కలు కూడా దాన్ని చుట్టి పోతున్నాయి. జమాదారు టోపీ తీసేసి శవాన్ని మోసినవాళ్ళలో ఒకడయ్యాడు. ఎక్కడ సాక్ష్యం చెప్పమన్నా చెబుతానన్నాడు. అక్క అతన్నే కొండ మీదికి పంపింది.

“కాగితం మీద జవాబు వద్దని చెప్పు. ఏ మెట్టు మీద నిలబడి చంపమన్నాడో ఆ మెట్టు మీదే నిలబడి, నా తమ్ముణ్ణి చంపిందెవరో చెప్పమను. జూన్ పదిహేడున వాడి పెద్దకర్మ. ఆ లోగా.”