నత్తకు అందే ఆజ్ఞ

పన్నెండుమందికి సంగటి కెలికేసరికి తిరుపాలమ్మకు రెక్కలు పడిపోయాయి. భర్త పుల్లయ్య వెంట తిరిగే పార్టీ మనుషులు వరండాలో తిని, కంచాలు అక్కడే వదిలేస్తారు. అవి కడిగి ఆమె ప్రొద్దుటూరు డిగ్రీ కాలేజీకి పరుగెత్తాలి. జువాలజీ లెక్చరరమ్మకు ఇంట్లో దక్కిన గౌరవం అంతే మరి.

"రేపు నామినేషన్‌కు జమ్మలమడుగు పోతాండాం. పాపను జీపు ముందుసీట్లో కూచోబెట్టు. పిల్ల కనపడితే ఎవడూ బాంబెయ్యడు," అన్నాడు పుల్లయ్య మూతి తుడుచుకుంటూ.

పాపకు ఆరేళ్లు. ఇన్నాళ్లూ ఆ సీట్లో కూర్చున్నది తిరుపాలమ్మే. "నేను వస్తా గదా మామా," అంది.

"నిన్ను చూసి ఎవడు జాలిపడతాడు?"

"మగోని పానం ముఖ్యం గాదా," అంది అత్త, లోపలి నుంచే.

కాలేజీలో ఆ రోజు పాఠం, పెన్నా గుంటల్లో పట్టి తెచ్చిన నత్తల గురించి. మెదడులోని కొన్ని కణాలు న్యూరోపెప్టైడ్ అనే సందేశాన్ని రక్తంలోకి వదుల్తాయి. అది అందగానే నత్త మేత మానేస్తుంది, నడక ఆపేస్తుంది, గుడ్లు పెడుతుంది.

"దానికి ఇష్టం లేకపోయినా పెట్టాల్నా మేడమ్?" అడిగింది దిల్షాద్‌బీ అనే విద్యార్థిని.

"కణం మీద ఆ సందేశాన్ని పట్టుకునే రిసెప్టర్ ఉన్నంతవరకు పెట్టాల్సిందే. రిసెప్టర్‌ను మూసేస్తే సందేశం వచ్చినా ఏమీ కాదు."

"అయితే సందేశానికి సొంత బలం శానా తక్కువే."

ప్రతిసారీ పుల్లయ్య జీపు ఎక్కమనగానే తిరుపాలమ్మకు అన్నం సహించేది కాదు, కాళ్లు మాత్రం తన్ను అడక్కుండానే జీపు దగ్గరికి పోయేవి. నత్తకైతే వేరే దారి లేదు, తనకేమొచ్చింది మాయరోగం? ఎమ్మెస్సీ చదివి, పదేళ్లు పిల్లలకు చెప్పి, ఇంట్లో మాత్రం ఎవరు ఏ ఆజ్ఞ పంపితే దాన్ని పట్టుకుంటూ బతికింది. కాదంటే కొడతాడు. ఇంట్లోంచి వెళ్లగొడతాడు. జీపు మీద నిజంగా బాంబు పడితే, పిల్లను ఎందుకు పంపావని ఈ ఊరు తననే అడుగుతుంది. ఆ భయంతోనే ల్యాబ్ అటెండరు కరుణమ్మ దగ్గరికి పోయి, "రేపు పొద్దున్నే మా పాపను కమలాపురంలో మీ ఇంటికి తీసుకుపోతావా?" అని అడిగింది. కరుణమ్మ కారణం అడగలేదు.

తెల్లారి జీపు హారన్ మోగింది.

"పాప యాడ?"

"పంపించినా."

"యాడికి?"

"చెప్పను."

వరండాలో తింటున్నవాళ్ల చేతులు కంచాల్లోనే ఆగాయి. పుల్లయ్య మొహం నల్లబడింది. "అయితే నువ్వెక్కు," అన్నాడు.

తిరుపాలమ్మ ద్వారబంధం పట్టుకుంది, కదల్లేదు.

"ముందుసీటు ఖాళీగానే ఉంది మామా. నువ్వే కూచో."