కప్పు మీది మనిషి

ఎవరిస్తో లాండేరోస్‌ని చంపిన రెండో మనిషిని కళ్ళారా చూసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. ఆ సంగతి ఈ తొమ్మిదేళ్ళలో నాలుగొందల పన్నెండుసార్లు చెప్పాను. ఒక్కసారి కూడా ఒక్క ముక్క మార్చలేదు.

"పోయిన ఆదివారం వాడికి మీసాలు లేవు కదరా," అన్నాడు దోన్ గుమెర్సిందో, సూరేకారం జల్లిస్తూ. మా మేస్త్రీ ఆయన. డెబ్బయ్యేళ్ళు, ఏడు వేళ్ళు.

"వారంలో పెరిగుంటాయి."

"తొమ్మిదేళ్ళ కిందట చూసినవాడికి మొన్న పెరిగాయా? మొదట్లో బూడిదరంగు టోపీ అన్నావు. తర్వాత నల్లది అయింది. మీ అత్త కూతురి పెళ్ళిలో చెప్పినప్పుడైతే గుర్రం కూడా ఉంది. రేకుల కప్పు మీదికి గుర్రం ఎలా ఎక్కిందిరా?"

"నెమ్మదిగా ఎక్కింది."

ఆయన నవ్వలేదు. మా పనిలో నవ్వితే మందు ఒలుకుతుంది.

మా సాంతా రుఫీనా ఊళ్ళో అందరిదీ టపాకాయల పనే. ఊరికి దూరంగా, పొలాల్లో, ఒకదానికొకటి అందకుండా ఇటుక గదులుంటాయి. గదికి ఇద్దరే ఉండాలి. పేలితే ఇద్దరే పోవాలని లెక్క. మూడో మనిషి లోపలికొస్తే ఒకరు బయటికి పోవాల్సిందే. బెల్టు బకిల్, చెవిపోగులు, తాళంచెవి, ఇనుమన్నది ఏదున్నా గుమ్మం దగ్గర చెక్కపెట్టెలో పెట్టి రావాలి. మా ఊళ్ళో పిల్లి ఈనినా జువ్వలు వదుల్తారు. పిల్లలు అమ్మా అనేకంటే ముందు చప్పుడు విని ఎన్ని తులాల మందో చెప్తారు.

అలాంటి ఊళ్ళో లాండేరోస్ సభ జరిగిన రోజు ఒక్క ఒత్తి కూడా అంటించకూడదన్నారు. ఆయన గవర్నరు పదవికి నిలబడ్డాడు. మా కొండకింద పొలాలు లాక్కున్న గనివాళ్ళని వెళ్ళగొడతానని ఊరూరా చెప్పుకుంటూ వస్తున్నాడు. ఆయన్ని చంపుతామని ఉత్తరాలు రావడంతో, టపాకాయ ఏదో తుపాకీ ఏదో తెలియక గందరగోళమవుతుందని కాపలావాళ్ళు బతిమాలారు. మా వాళ్ళు అందరూ గుళ్ళో, మా పనివాళ్ళ దేవుడు సాన్ హువాన్ ముందు చెయ్యి చాపి ఒట్టు పెట్టారు. చంటిబిడ్డల చేతులు కూడా పట్టుకుని చాపించారు.

ఆ రోజు చౌకులో ఊరంతా మూడు చప్పుళ్ళు విన్నది.

ప్రభుత్వం వేసిన విచారణ సంఘం రెండే అంది. నికాసియో బర్రాగాన్ అనే మందు కలిపేవాడు, మతి స్థిమితం లేనివాడు, ఒంటరిగా, వేదికకి కుడిపక్క నుంచి రెండుసార్లు కాల్చాడు, ఒకటి బల్లకి తగిలింది, ఒకటి మనిషికి తగిలింది, కేసు అయిపోయింది. మరి కుడిపక్క నుంచి కాలిస్తే గాయం ఎడమ కణతకి ఎలా తగిలింది? దానికి ఆరొందల పేజీల నివేదికలో ఒకే ఒక్క వాక్యం ఉంది: "ఆ క్షణంలో ఆయన తల తిప్పి ఉండవచ్చు." ఎందుకు తిప్పాడో రాయలేదు. మా ఊరు ఆ వాక్యాన్ని తొమ్మిదేళ్ళుగా నమలకుండా నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఎడమపక్క ఇంకొకడు ఉన్నాడు, వాణ్ణి గనివాళ్ళు పంపారు, మూడో తూటా వాడిదే. టపాకాయ కాదని ఎలా చెప్పగలరు అంటే, ఒట్టు పెట్టాం కదా అంటారు. ఆ మాట దగ్గర వాదన ఆగిపోతుంది.

ఎడమపక్క ఉన్నవాణ్ణి చూసింది నేను.

తలుపు తట్టిన చప్పుడయింది. నికాసియో అక్క యులాలియా. చేతిలో తమాలెల గిన్నె, ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి. గుమ్మం దగ్గరే చెవిపోగులు తీసి పెట్టెలో వేసింది. దోన్ గుమెర్సిందో ఆమెని చూసి లేచి, టోపీ తీసి, బయటికి పోయాడు. పొలంగట్టు దాకా పోయి కూర్చుంటే గానీ ఆయనకి సిగరెట్టు ముట్టించే హక్కు లేదు.

"తిను ముందు ఫెంచో," అంది యులాలియా. "గురువారం కోర్టుకి మేమిద్దరం, అమ్మా నేనూ, నీతోపాటే బస్సెక్కుతాం. ఉతికిన చొక్కా వేసుకొస్తావా, లేక ఈ మసితోనే జడ్జిగారి ముందు నిలబడతావా?"

"మసి ఉంటే నమ్ముతారక్కా. పనివాడు అనుకుంటారు."

"నిన్ను చూసి పనివాడు అనుకునే జడ్జి ఉంటే, నికాసియోని ఎప్పుడో వదిలేసేవాడు."

ఆమె అలాగే మాట్లాడుతుంది. జైలుకి బస్సులో ఏడు గంటల దారి. నెలనెలా వెళ్ళి వస్తుంది. వాళ్ళమ్మకి చూపు పోతోంది. ఒక కంటికి ఇప్పటికే చీకటి. ప్రాణం తీసిన తూటా వేరేవాడిదని తేలితే నికాసియో చేసింది హత్యాయత్నమే అవుతుందనీ, దానికి పడే శిక్ష ఇప్పటికే అయిపోయిందనీ లాయరు చెప్పాడు. అంటే అమ్మ రెండో కన్ను పోయేలోపు కొడుకు ఇంట్లో ఉంటాడు. దానికి కావలసింది ఒక్క సాక్షి.

"చెప్పు, మళ్ళీ విందాం. గుర్రం లేకుండా."

నేను చెప్పడం మొదలుపెట్టాను. చేతులు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. కాగితం మడత, మందు, ఇంకో మడత, పురికొస, ముడి. "నేను వేదికకి ఎడమపక్క, కాస్త వెనగ్గా ఉన్న బ్యాండు మండపం దగ్గర నిలబడ్డాను. దాని వెనక రొట్టెల కొట్టు. ఆ కప్పు మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. బూడిదరంగు టోపీ. మోచేతుల మీద తుపాకీ..."

"ఎండ ఎటునుంచి ఉంది?"

"వాడి వీపు మీద."

"మొహం కనపడిందా?"

"సగం."

నేను తల ఎత్తి చూస్తే ఆమె నా మొహం వైపు చూడటం లేదు, చేతుల వైపు చూస్తోంది.

"ఇంకొకటి చుట్టు," అంది.

చుట్టాను. మెచ్చుకుంటోందనుకున్నాను. మెచ్చుకుంటే నేను ఆగను. "చూశావా అక్కా, అందరూ పురికొస కుడికి తిప్పుతారు. నేను ఎడమకి. ఎడమచెయ్యి వాటం. పైగా కొసని రెండుసార్లు లోపలికి దోపుతాను. మేస్త్రీ ఎన్నిసార్లు తన్నినా మారలేదు. ఈ జిల్లాలో ఇలాంటి ముడి ఇంకెవడూ వెయ్యడు. కాలిపోయిన ముక్క చూసినా ఇది ఫెంచోదే అని చెప్పొచ్చు."

"చెప్పొచ్చా?"

"కళ్ళు మూసుకుని చెప్పొచ్చు."

ఆమె జాకెట్టులోంచి రుమాలు తీసింది. విప్పి, బల్ల మీద, నేను ఇప్పుడే చుట్టిన దాని పక్కన పరిచింది. అరచేతిలో సగం ఉంది కాగితం ముక్క. అంచులు మాడిపోయాయి. దాని మీద లాండేరోస్ మొహం సగం, ఒక కన్ను, సగం నవ్వు. ఆ సభకోసం అచ్చేసిన కరపత్రం. ఆ పొద్దున్నే ఊళ్ళోకి వచ్చింది. దాని చుట్టూ నల్లబడిన పురికొస. ఎడమకి తిరిగి, కొస రెండుసార్లు లోపలికి దోపి ఉంది.

ఆ వారం ఊళ్ళో ఊరికే దొరికిన కాగితం అదొక్కటే.

"మర్నాడు పొద్దున దొరికింది," అంది యులాలియా. "తమ్ముణ్ణి ఈడ్చుకుపోయినప్పుడు వాడి బూటు ఒకటి ఊడిపోయింది. దానికోసం వెతుకుతుంటే మండపం వెనకాల ఇది కనపడింది."

"మరి ఎవరికీ..."

"ఎవరికి చెప్పమంటావు? ఎవడో ఒట్టు తప్పాడని తెలిస్తే మూడో తూటా పోతుంది. దాచేశాను. తొమ్మిదేళ్ళు. ఒట్టు వాడు తప్పాడు, పాపం నేను మోశాను. మూడో చప్పుడు పోతే పోయింది, గాయం ఎడమవైపే ఉంది, ఫెంచో చూసిన మనిషి ఉన్నాడు అనుకుని పడుకునేదాన్ని." పురికొస మీద వేలు పెట్టింది. "ఇది ఎవడిదో నాకు ఇవాళ్టిదాకా తెలీదు."

బయట గట్టు మీద దోన్ గుమెర్సిందో దగ్గుతున్నాడు.

"నిన్ను తిట్టడానికి రాలేదు ఫెంచో. ఒక్క మాట అడుగుతాను, దానికి జవాబు చెప్పు. కప్పు మీద మనిషి ఉన్నాడా?"

నా దగ్గర నాలుగొందల పన్నెండు మంది మనుషులు ఉన్నారు. టోపీలతో, మీసాలతో, గుర్రంతో. ఒక్కణ్ణి తీసి ఇస్తే సరిపోయేది. గురువారం జడ్జిగారికి అదే ఇద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఆమె ఖాళీ చెవులు కనపడ్డాయి. పోగుల రంధ్రాలు నల్లగా, చిన్నగా.

"నాకప్పుడు పధ్నాలుగేళ్ళక్కా," అన్నాను. "మట్టిగొట్టంలో పెట్టి పేలిస్తే అచ్చం పిస్తోలులా మోగేది తయారుచేశాను. మేస్త్రీ చెవిని కూడా మోసం చెయ్యాలని. కాపలావాళ్ళు ఎగిరి పడితే చూద్దామని."

"ముందు మోగింది నీదా? వెనకా?"

"ముందు."

"ఆయన?"

"పూర్తిగా వెనక్కి, మొహం ఇటు తిప్పాడు. కాపలావాళ్ళు అందరూ తిప్పారు. మండపం వెనక నేను, చేతిలో పొగలు కక్కుతున్న గొట్టం. ఆయన నన్ను చూశాడు. అర్థమైపోయింది ఆయనకి. నన్ను చూసి నవ్వాడక్కా. వేలు చూపించాడు, ఉండు నీ పని చెప్తా అన్నట్టు. అలా నవ్వుతూ ఉండగానే కుడివైపు నుంచి రెండు."

యులాలియా రుమాలు మడిచింది. మళ్ళీ విప్పింది. "అయితే మావాడొక్కడే," అంది. నాతో కాదు. "అమ్మకి ఏం చెప్పను?"

మిగిలింది కూడా చెప్పేశాను.

"చప్పుడు ఎడమనుంచి వచ్చిందని అందరూ నా మీదికి పరిగెత్తుకొచ్చారు. ఎవడ్రా ఇక్కడ, ఎవడు పేల్చింది అని పోలీసు నా రెక్క పట్టుకున్నాడు. నేను పైకి చూపించాను. కప్పు మీద రొట్టెల కొట్టావిడ ఆరేసిన దుప్పటి ఉంది. అంతే. ఎలా ఉన్నాడు, చెప్పు చెప్పు అని కుదిపేస్తుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా."

ఆమె నావైపు చూస్తూనే ఉంది.

"ఇంట్లో మేకుకి వేలాడేది గుర్తొచ్చింది. ఆ బూడిదరంగు టోపీ మా నాన్నదక్కా."