కోటబొమ్మాళిలో విశ్రాంతి

విజయనగరంలో బట్టల కొట్టు ఆర్డర్లన్నీ ఫోన్లోనే చూసే సింధూరికి నిద్ర కరువైంది. డాక్టరు విశ్రాంతి తీసుకోమంటే, ఫోను ఇంట్లో పడేసి కోటబొమ్మాళిలో మేనత్త ఇంటికి వెళ్లింది.

మర్నాటి నుంచీ వీధంతా పిలుపులే.

"ఆళ్లింట తిన్నావు, మాయింట తినవేటే?"

ఒకరింట తిని ఇంకొకరింట తినకపోతే ఏళ్ల తరబడి దెప్పుతారు. అందరూ గారెలతో పాటు తమ గొడవలూ వడ్డించారు. బుర్ర బరువెక్కి, అర్జెంటు పనుందని అబద్ధమాడి స్టేషనుకొచ్చేసింది.

విజయనగరం పాసింజరు లేటన్నారు. అక్కడ ఆమెను పిలిచేవాళ్లెవరూ లేరు. సంచి తలకింద పెట్టుకుని బల్ల మీద ఒరిగింది.

"ఇజీనారం బండొచ్చినాది, లెగమ్మా!" పక్కనున్న ముసలావిడ తట్టింది.

సింధూరి కళ్లు తెరవలేదు.

"నాది ఆ బండి కాదు మామ్మా," అని అటు తిరిగి పడుకుంది.