తొక్కని గడప

ఎర్రప్ప నా బావమరిది. నా భార్య సుకన్య పోయిన రోజు, ఇక నా గడప తొక్కనని అందరి ముందూ అన్నాడు. ఆపరేషన్‌కని బెంగళూరు తీసుకుపోయి నేనే ఆమెను చంపానని ఆయన నమ్మకం. అలాంటివాణ్ణి కూతురు భవాని గుడిబండ నుంచి హిందూపురం తీసుకొచ్చింది. షుగరు వల్ల ఆయన కంటి లోపల సన్నని రక్తనాళం చిట్లి చూపంతా ఎర్రటి మసక కమ్మింది. రెండో కన్ను ఏనాడో పోయింది.

కంటి ఆసుపత్రి మా వీధిలోనే, అందుకే భవాని ఆయన్ని మా ఇంటి దగ్గరే దించింది. లేజర్ పెట్టాలంటే చిట్లిన చోటు కనబడాలి, రక్తం అడ్డంగా ఉంది అన్నాడు డాక్టరు జయచంద్ర. తల ఎత్తులో ఉంటే అది కిందికి దిగుతుందట. వెల్లకిలా పడుకోవద్దు, వంగొద్దు, బరువులెత్తొద్దు అని మరీమరీ చెప్పాడు. జయచంద్ర ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నాడు. అది తెలిశాక ఎర్రప్ప ఆయన మాట లెక్కచేయలేదు.

"నీ శిష్యుడు చెప్పేది నీ మాటే కదప్పా. నీ మాట ఇని మా అక్క యాడికి పోయిందో చూసినా."

నేనిచ్చిన దిండ్లు వీధిలోకి విసిరాడు. ఇంట్లోకి మాత్రం రాలేదు. వసారాలో ఉన్న ఎత్తు వీపు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. రాత్రి కునుకు కూడా అందులోనే. దారిన పోయేవాళ్లకు నన్ను చూపించి తిట్టాడు. ఆ కోపమే ఆయన్ని నిటారుగా ఉంచుతోందని గ్రహించి ఊరుకున్నాను.

మర్నాడు రాత్రికి ఆయన నడుం పట్టేసింది. భవాని లోపలికొచ్చింది.

"మామా, నాయన లోపలికొస్తానంటాండాడు. అత్త మంచం మీద కాసేపు పడుకుంటాడంట."

ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. బయటికి వెళ్లేసరికి ఎర్రప్ప ఒక కాలు గడప మీద పెట్టి నిలబడి ఉన్నాడు. ముఖంలో కోపం లేదు. మంచం మీద కూడా ఆనుకునే కూర్చోవాలని చెప్పాను. నడుం వాల్చకుంటే ప్రాణం పోయేట్టుంది, నీ డాక్టరు మాట నాకొద్దు అన్నాడు.

తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"తొక్కనన్న గడప ఇప్పుడెందుకు తొక్కుతాండావు? నిన్నెవరు రమ్మన్యారు?"

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. "నువ్వు మనిషివి కాదు" అని మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. తెల్లవారే దాకా తిడుతూనే ఉన్నాడు.

పొద్దున జయచంద్ర చూసేసరికి రక్తం కిందికి దిగి ఉంది. చిట్లిన చోటు కనబడింది. లేజర్ పెట్టాడు.

నేనెందుకలా అన్నానో భవాని తర్వాత చెప్పినా ఎర్రప్ప నమ్మలేదట. మరోసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు మా ఇంటి ముందు ఆగలేదు. నేనే బస్టాండుకు వెళ్లి దూరంగా నిలబడ్డాను. గుడిబండ దారిలోని మడకశిర బోర్డు తానే చదువుకుని బస్సెక్కాడు. కిటికీలోంచి చూసి, చటుక్కున ముఖం తిప్పుకున్నాడు.

అంత దూరం నుంచి నన్ను పోల్చుకున్నాడు.