తమ్ముడి గుండెకు కొలత

రాతిగుండె మనుషులను గుర్తించడానికి మా మనస్తత్వ పరిశోధనశాలలో వాడే ప్రశ్నల్లో "మీరు క్రూరులా?" అన్నది ఉండదు. అడిగితే మాత్రం ఎవడు అవునంటాడు, వాడి మొహం! గది సర్దుకుంటారా, జనంలో హుషారుగా ఉంటారా, ప్రమాదంలో నిబ్బరంగా ఉంటారా, ఎవరైనా ఏడిస్తే జాలిపడతారా, అన్నీ ఇలాంటి మామూలు సంగతులే. జవాబుగా ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వేస్తారు; ఒకటంటే అస్సలు కాదు, ఐదంటే పూర్తిగా అవును. ఆ అంకెల్లోంచే మనిషి లోపలి తీరు పైకి తేలుతుంది. ఎన్నేళ్ళుగా చూస్తున్నా నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఈమధ్య ఆ ప్రశ్నలు మా తమ్ముడికిచ్చాను. వాడు ఫైరింజన్ మీద పనిచేస్తాడు. అమ్మ పోయినప్పుడు ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. నాకేమో తలలో గడ్డ, వారంలో ఆపరేషన్. నాకేదైనా అయితే నా నాలుగేళ్ళ కూతురికి వాడు తప్ప దిక్కులేదు. అలాంటివాడి చేతిలో పిల్లను పెట్టొచ్చా? అదీ నా భయం.

"నన్నేమైనా ఉద్యోగంలో పెట్టుకుంటావా ఏంటక్కా?" అని నవ్వుతూనే నింపాడు.

లెక్కవేశాను. కరడుగట్టిన ఖైదీల సరసన కూర్చోబెట్టేంత మార్కు! కాగితం పట్టుకుని మా ప్రొఫెసరమ్మ గదిలోకి పరిగెత్తాను.

ఆవిడ ఒక్క చూపు చూసి, "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! జాలి ప్రశ్నల అంకెలు తిప్పావా?" అంది.

నాలుక కరుచుకున్నాను. మార్కు పెరిగేకొద్దీ రాతిగుండె అన్నమాట, అందుకే 'జాలిపడతాను' అన్నదానికి ఐదు వేస్తే మేం దాన్ని ఒకటిగా తిప్పి లెక్కించాలి. కంగారులో తిప్పలేదు. వాడి జాలినంతా తీసుకెళ్ళి కర్కశత్వం ఖాతాలో వేశాను.

ఆవిడే మళ్ళీ లెక్కవేసింది. "భయం లేకపోవడంలో అచ్చం ఆ ఖైదీల్లాగే ఉన్నాడు. జాలి మాత్రం చూడమ్మా, కొలబద్ద చివరిదాకా వెళ్ళింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఇంతగా నేనెప్పుడూ చూడలేదు." చెబుతూ చెబుతూ ఆవిడ గొంతే తగ్గిపోయింది. నేను ఎత్తుకుని తిప్పిన పిల్లాడు, వాడిలో ఇంత ఉందా!

ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రి వరండాలో, "నాకేదైనా అయితే?" అన్నాను. అంతకుముందు ఎవరినడిగినా "ఛ, అవేం మాటలు!" అని నా నోరు మూయించారు.

పాపకు చెప్పులు తొడుగుతున్న తమ్ముడు తలెత్తాడు. "అయితే నేను పెంచుతాను. నువ్వెలా ఉండేదానివో దీనికి రోజూ చెబుతాను. ఇక వెళ్ళక్కా."

వాడి గొంతు వణకలేదు. నేనే స్ట్రెచర్ ఎక్కి పడుకున్నాను, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా.